పేరు మారిస్తే తగ్గే వేగం: ఫోన్ పరీక్షల చరిత్ర

ఒక యంత్రం చేత ముందే ఖరారు చేసిన కొన్ని పనులు చేయించి, అందుకు పట్టిన కాలాన్ని లెక్కగట్టి, వచ్చిన ఫలితాన్ని ఒక అంకెగా ప్రకటించే పరీక్షను కంప్యూటర్ రంగంలో బెంచ్‌మార్క్ అంటారు. కొత్త స్మార్ట్‌ఫోన్ మీద వెలువడే సమీక్షల్లో ఈ అంకెలు లేనివి అరుదు. అయితే ఫోను కొని ఏడాది తిరిగేసరికి జనం నోట వినిపించే మాటలు, అంటే హ్యాంగ్ అవుతోందని, కాలిపోతోందని, ఛార్జింగ్ నిలవడం లేదని, ఇంట్లోకి వస్తే సిగ్నల్ పోతోందని చెప్పుకునే మాటలు, ఆ సమీక్షల పట్టికల్లో దాదాపుగా కనిపించవు. ఈ ఎడం స్మార్ట్‌ఫోన్లతో పుట్టింది కాదు. దాని మూలాలు అర్ధ శతాబ్దం వెనుక, ఒక గదంతా ఆక్రమించే కంప్యూటర్ల కాలంలో ఉన్నాయి. పైగా ఆ కాలంలో బెంచ్‌మార్క్ పుట్టింది నిత్య వాడుకను కొలవడానికే.

బ్రిటన్‌లోని నేషనల్ ఫిజికల్ లేబరేటరీలో పనిచేసిన బ్రయన్ విచ్‌మన్, శాస్త్రజ్ఞులు తమ రోజువారీ లెక్కల కోసం ఆల్గాల్ 60 భాషలో రాసుకున్న ప్రోగ్రాముల్లో ఏ రకం ఆదేశం ఎంత తరచుగా వస్తుందో గణాంకాలు సేకరించాడు. వాటి ఆధారంగా 1972లో హెరాల్డ్ కర్నో, ఆ ఆదేశాలన్నీ అదే పాళ్లలో కలిసి ఉండే ఒక కృత్రిమ ప్రోగ్రాము రాశాడు. లెస్టర్‌షైర్‌లోని వెట్‌స్టోన్ అనే ఊళ్లో ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ సంస్థ తయారుచేసిన కంపైలర్ పేరు మీదుగా దానికి వెట్‌స్టోన్ అనే పేరు స్థిరపడింది. కంపైలర్ అంటే మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్. వెట్‌స్టోన్ దేన్నీ సాధించే ప్రోగ్రాము కాదు, దాని జవాబుతో ఎవరికీ పని లేదు. అయినా అందులోని ప్రతి పాలూ నిజమైన వాడుకరుల పని నుంచి వచ్చింది కనుక, ఆ అంకెకూ ఆ ప్రయోగశాలలో పనిచేసేవారి అనుభవానికీ మధ్య సంబంధం గట్టిగానే ఉండేది.

ఆ సంబంధం సడలడానికి ఎంతో కాలం పట్టలేదు. 1984లో సీమెన్స్ సంస్థకు చెందిన రైన్‌హోల్డ్ వైకర్, దశాంశ లెక్కలకు బదులు పూర్ణాంకాలతోనూ అక్షరాలతోనూ సాగే పనులను కొలవడానికి డ్రైస్టోన్ అనే పరీక్షను రూపొందించాడు. అది చిన్న ప్రోగ్రాము. అందులోని కొన్ని లెక్కల ఫలితం ఆ తరువాత ఎక్కడా ఉపయోగపడదని గ్రహించగలిగిన కంపైలర్లు ఆ లెక్కలను చేయకుండానే దాటవేయసాగాయి. చేయని పనికి కాలం పట్టదు కాబట్టి అంకె పెరిగింది. యంత్రం వేగం మాత్రం ఉన్నచోటే ఉంది. వైకర్ 1988లో దానికి సవరించిన రూపం విడుదల చేయవలసి వచ్చింది. అదే ఏడాది కొన్ని కంప్యూటర్ సంస్థలు కలిసి స్పెక్ అనే ఉమ్మడి వేదికను ఏర్పాటు చేసి, మరుసటి ఏడాది కృత్రిమ ప్రోగ్రాములకు బదులు నిజంగా వాడుకలో ఉన్న ప్రోగ్రాములతో ఒక పరీక్షల సంపుటిని తెచ్చాయి. అందులో మాట్రిక్స్ 300 అనే పరీక్ష పెద్ద పెద్ద అంకెల పట్టికలను గుణించేది. దాని కాలంలో దాదాపు అంతా ఒకే ఒక్క పంక్తి మీద ఖర్చయ్యేది. ఆ పంక్తిలోని లెక్కను ముక్కలుగా విడగొట్టి, కావలసిన అంకెలు ప్రాసెసర్‌కు అతి దగ్గరి జ్ఞాపకంలోనే నిలిచి ఉండేలా కంపైలర్లను మార్చేసరికి, యంత్రంలో మరేమీ మారకుండానే స్కోర్లు అనేక రెట్లు పెరిగాయి. 1992 సంపుటిలో ఆ పరీక్షను తీసివేశారు. దీన్ని మోసం అనడం పూర్తిగా న్యాయం కాదు, ఎందుకంటే ఆ మెలకువ అదే తరహా ఇతర ప్రోగ్రాములకూ మేలు చేసేదే. కానీ పరీక్ష ఏదో ముందే తెలిసినప్పుడు ఇంజనీర్ల శ్రమ వాడుక వైపు నుంచి పరీక్ష వైపుకు మళ్లుతుందన్న సంగతి అప్పుడే బయటపడింది.

మోసమని నిస్సంకోచంగా పిలవదగిన ఘట్టం 2001లో వచ్చింది. ఏటీఐ సంస్థ విడుదల చేసిన రేడియన్ 8500 అనే గ్రాఫిక్స్ కార్డును పరీక్షించడానికి అప్పటి సమీక్షకులు క్వేక్ 3 అనే ఆటను వాడేవారు. హార్డ్ ఓసీపీ అనే సమీక్షా పత్రిక ఆ ఆట ఫైలులో క్వేక్ అని ఉన్న పేరును క్వాక్ అని మార్చి మళ్లీ ఆడించింది. ఆట అదే, కార్డు అదే, కంప్యూటరూ అదే. అయినా వేగం తగ్గింది, బొమ్మల నాణ్యత పెరిగింది. కార్డుతో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఆట పేరును గుర్తుపట్టి, నాణ్యత తగ్గించి వేగం చూపిస్తోందని తేలింది. పేరు మార్చి చూడడమనే ఈ చిన్న ఉపాయం తరువాతి ఇరవై ఏళ్ల ఫోన్ పరీక్షల చరిత్రలో పదే పదే ఎదురవుతుంది. తనను ఎవరు చూస్తున్నారో తెలియనప్పుడు యంత్రం ఎలా ప్రవర్తిస్తుందన్నదే ఆ ఉపాయం అడిగే ప్రశ్న. వాడుకరి అనుభవం గురించి ఇంతకంటె సూటి ప్రశ్నను ఏ బెంచ్‌మార్కూ అడగలేదు.

తొలితరం మొబైల్ ఫోన్లకు ఇటువంటి పరీక్షల అవసరం లేకపోయింది. మాట్లాడితే ఎన్ని గంటలు వస్తుంది, ఊరికే ఉంచితే ఎన్ని రోజులు నిలుస్తుంది అన్న రెండు లెక్కలు అట్టపెట్టె మీద ఉంటే సరిపోయేది. 2008లో ఆండ్రాయిడ్ ఫోన్లు వచ్చి, ఒకే సాఫ్ట్‌వేర్ మీద అనేక సంస్థల యంత్రాలు నడవడం మొదలయ్యాకే పోలిక సాధ్యమైంది, పోలికతోపాటే పోటీ వచ్చింది. 2010 ప్రాంతంలో బాగా పేరుపొందిన పరీక్ష క్వాడ్రంట్. ప్రాసెసర్, గ్రాఫిక్స్, స్టోరేజీ వంటివాటికి వచ్చిన మార్కులను కలిపి అది ఒకే అంకె ఇచ్చేది. ఆ ఏడాది వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్‌లో ఫైళ్లను దాచే పద్ధతి నెమ్మదిగా ఉండి, యాప్ తెరిచినప్పుడు ఫోను క్షణకాలం బిగుసుకుపోయేది. ఔత్సాహిక డెవలపర్లు ఫైళ్ల పద్ధతిని మార్చే సవరణలు తయారుచేశారు. ఆ బిగువు కొంత తగ్గింది గానీ, క్వాడ్రంట్ స్కోరు మాత్రం అనుభవంలో వచ్చిన మార్పుకు ఏమాత్రం పొంతన లేనంతగా ఎగబాకింది. వేర్వేరు కొలతలను కలిపి ఒకటి చేస్తే, వాటిలో ఏ ఒక్కదాన్ని పెంచినా మొత్తం పెరుగుతుందనీ, ఆ మొత్తం దేనికి కొలతో చివరికి ఎవరూ చెప్పలేరనీ ఈ ఉదంతం చూపింది. ఆ తరువాత వచ్చిన అంతుతు వంటి పరీక్షలు కూడా ఈ మొత్తం వేసే పద్ధతినే కొనసాగించాయి, లక్షల్లో ఉండే స్కోర్లు ప్రకటనల్లోకి ఎక్కాయి.

అదే కాలంలో తెలుగు వాడుకరికి ఎదురైన పరిస్థితిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో తెలుగు లిపి లేదు. తెలుగులో వచ్చిన సందేశం వరుసగా ఖాళీ డబ్బాలుగా కనిపించేది. వార్తలు చదవదలచినవారు ఒపెరా మినీ బ్రౌజర్‌లో చిరునామా గడిలో ఒక రహస్య పదబంధం టైపు చేసి, సంక్లిష్ట లిపులను బొమ్మలుగా చూపించే అమరికను ఆన్ చేసుకునేవారు. అప్పుడు అక్షరాలు ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌లో బొమ్మలుగా మారి ఫోనుకు చేరేవి. ఆ ఫోన్లకు ఇంగ్లీషు సమీక్షల్లో పదికి ఎనిమిదో తొమ్మిదో మార్కులు వచ్చి ఉండవచ్చు, కానీ తెలుగులో ఒక వాక్యం చదవలేని యంత్రానికి తెలుగు పాఠకుడు ఇవ్వగల మార్కు వేరు. 2012 జులైలో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1తో గూగుల్ తెలుగు, కన్నడ, మలయాళ లిపులను వేదికలోనే చేర్చింది. తరువాత 2016 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం, దేశంలో అమ్మే ప్రతి ఫోనులోనూ 22 భారతీయ భాషల సందేశాలు చదవగలిగే సదుపాయం ఉండాలనీ, ఇంగ్లీషు, హిందీలతోపాటు మరొక భారతీయ భాషలో టైపు చేయగలిగే వీలు ఉండాలనీ ఆదేశించింది. సమీక్షకులు వదిలేసిన కొలతను ప్రభుత్వ ప్రమాణం అందుకున్న కొద్ది సందర్భాల్లో ఇది ఒకటి.

ఆండ్రాయిడ్ 4.1లో మరొక మార్పు కూడా ఉంది. తెరపై బొమ్మ సాఫీగా కదులుతున్నట్టు కనిపించాలంటే అప్పటి ఫోను సెకనుకు 60 సార్లు కొత్త దృశ్యాన్ని గీయాలి, అంటే ఒక్కో దృశ్యానికి దొరికే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆ గడువు ఒక్కసారి తప్పినా కన్ను పట్టేస్తుంది. వేలితో తెరను జరిపినప్పుడు కలిగే కుదుపు అదే. ప్రాజెక్ట్ బటర్ అనే పేరుతో గూగుల్ ఇంజనీర్లు ఈ గడువులను క్రమబద్ధం చేసి, తెరను తాకగానే ప్రాసెసర్ మేలుకునేలా చేశారు. పాత ఫోనులోనే ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నవారికి ఫోను కొత్తదైనట్టు అనిపించింది. ప్రాసెసర్ మాత్రం అదే, దాని లెక్కల వేగమూ అదే. సగటున ఎంత వేగమన్నది బెంచ్‌మార్క్ చెబుతుంది. మనిషికి గుర్తుండేది సగటు కాదు, మధ్యలో ఎక్కడో ఒకచోట పడిన అంతరాయం.

2013 జులై ఆఖరున ఆనంద్‌టెక్ పత్రిక ప్రచురించిన పరిశోధన ఈ చరిత్రలో మలుపు. శాంసంగ్ గెలాక్సీ ఎస్4లో, ఎనిమిది కోర్లు (అంటే లెక్కలు చేసే విడివిడి భాగాలు) గల ఎక్సినోస్ చిప్ ఉన్న రకాన్ని ఆ పత్రిక పరిశీలించింది. అందులోని గ్రాఫిక్స్ చిప్ మామూలు ఆటల్లో 480 మెగాహెర్ట్జ్ దాటడం లేదు. అంతుతు, క్వాడ్రంట్ వంటి కొన్ని పరీక్షలు తెరిచినప్పుడు మాత్రం 533 మెగాహెర్ట్జ్‌కు వెళుతోంది. ఆ పరీక్షలు తెరవగానే, ఇంకా ఏ పనీ మొదలుకాకముందే, ప్రాసెసర్ కూడా అత్యధిక వేగానికి చేరి అక్కడే నిలిచిపోతోంది. ఫోనులోని ఒక ఫైలును విప్పి చూస్తే పరీక్షా యాప్‌ల పేర్లతో జాబితా, దానితోపాటు బెంచ్‌మార్క్ బూస్టర్ అన్న పదబంధం దొరికాయి. పూర్తి తెరను వాడుకునే మరికొన్ని సొంత యాప్‌లకూ ఆ వేగం అందుతోందనీ, ఎవరినీ తప్పుదోవ పట్టించే ఉద్దేశం లేదనీ శాంసంగ్ వివరణ ఇచ్చింది. తేడా 11 శాతమే. దుకాణంలో కొన్నవాడు దాన్ని గమనించగలడా అంటే బహుశా గమనించలేడు. కానీ రెండు ఫోన్ల మధ్య ఎంపిక పది శాతం తేడా మీద జరిగే చోట ఆ 11 శాతమే నిర్ణాయకం.

కొద్ది నెలలకు గెలాక్సీ నోట్ 3 వచ్చినప్పుడు ఆర్స్ టెక్నికా పత్రిక గీక్‌బెంచ్ అనే పరీక్షను స్టెల్త్‌బెంచ్ అని పేరు మార్చి నడిపింది. మార్చిన పేరుతో స్కోరు తగ్గింది. అసలు పేరుతో వచ్చే స్కోర్లలో కొన్ని 20 శాతం దాకా ఉబ్బినవని లెక్కతేలింది. క్వేక్‌ను క్వాక్ చేసిన పన్నెండేళ్లకు అదే ఉపాయం, అదే ఫలితం. అక్టోబరులో ఆనంద్‌టెక్ మరిన్ని ఆండ్రాయిడ్ ఫోన్లను వరుసగా పరీక్షించి, పెద్ద సంస్థల్లో ఆపిల్, మోటరోలాలను మినహాయిస్తే దాదాపు అందరూ ఏదో ఒక ఫోనులో ఈ పని చేస్తున్నారని రాసింది. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు తెలిసిన బడికి సున్నం వేయించినట్టుగా పరిశ్రమ అంతా తయారైందన్నమాట. త్రీడీమార్క్ పరీక్షను అప్పట్లో నడిపిన ఫ్యూచర్‌మార్క్ అనే ఫిన్లండ్ సంస్థ శాంసంగ్, హెచ్‌టీసీ ఫోన్లు కొన్నింటిని తన స్కోర్ల జాబితా నుంచి తొలగించింది. గెలాక్సీ ఎస్4 కొన్నవారి తరఫున అమెరికాలో వేసిన దావా 2019లో రాజీతో ముగిసింది. ఒక్కొక్కరికి దక్కేది దాదాపు 10 డాలర్లు. ఏళ్ల తరబడి సాగిన వ్యాజ్యం తరువాత ఆ ఫోను ఇంకా వాడుతున్నవారు ఎందరుంటారో ఊహించుకోవలసిందే.

తరువాతి ఘట్టాలను విస్తరించి చెప్పనవసరం లేదు. 2017 ఆరంభంలో వన్‌ప్లస్ 3టీని పట్టుకోవడానికి గీక్‌బెంచ్ తయారీదారులే తమ పరీక్షకు బాబ్స్ మినీ గోల్ఫ్ పట్ అనే ఆట పేరు తగిలించి ఎక్స్‌డీఏ అనే ఆండ్రాయిడ్ డెవలపర్ల వేదికకు ఇచ్చారు. 2018లో హువావే పీ20 ప్రో, ఆనర్ ప్లే వంటి ఫోన్లు స్కోర్ల జాబితాలకు దూరమయ్యాయి. 2020లో మీడియాటెక్ చిప్‌లు వాడిన కొన్ని ఫోన్ల ఫైళ్లలో ఇటువంటి యాప్‌ల జాబితాయే బయటపడింది. ఇవన్నీ ఒకే కథకు పునరావృత్తులు.

అసలైన మార్పు 2021లో కనిపించింది, ఇది వాడుకరులకు మునుపటివాటికంటె దగ్గరగా తగిలేది. అప్పటిదాకా సంస్థలు పరీక్షల్లో వేగాన్ని పెంచేవి. ఇప్పుడు నిత్యం వాడే యాప్‌లలో వేగాన్ని తగ్గించడం మొదలైంది. వన్‌ప్లస్ 9 ప్రోలో క్రోమ్ బ్రౌజర్ వంటి ప్రసిద్ధ యాప్‌లకు ప్రాసెసర్‌లోని అతి వేగమైన కోరు అందడం లేదనీ, పరీక్షా యాప్‌లకు మాత్రం ఆ ఆంక్ష లేదనీ ఆనంద్‌టెక్ గుర్తించింది. బ్యాటరీ ఆదా కావడానికీ వేడి తగ్గడానికీ ఎక్కువమంది వాడే 300 యాప్‌లలో ఇలా చేశామని సంస్థ చెప్పింది. ఆ వాదనలో నిజం లేకపోలేదు. వార్త చదవడానికి అంత వేగం అవసరం లేదు. అయితే కొన్నవాడికి ఆ సంగతి చెప్పలేదు, అతడు చదివిన స్కోరు అతడికి దక్కని కోరుతో వచ్చింది. 2022 ఆరంభంలో దక్షిణ కొరియాలో శాంసంగ్ ఫోన్లలోని గేమ్ ఆప్టిమైజింగ్ సర్వీస్ మీద వివాదం రేగింది. అక్కడి ఒక వీడియో పరీక్షలో త్రీడీమార్క్‌కు గెన్షిన్ ఇంపాక్ట్ అనే ఆట పేరు తగిలించగానే స్కోరు సగానికి దిగువకు పడిపోయింది. పూర్వం పరీక్ష పేరు దాచితే మోసం బయటపడేది, ఇప్పుడు ఆట పేరు తగిలిస్తే బయటపడింది. గీక్‌బెంచ్ గెలాక్సీ ఎస్10 నుంచి ఎస్22 వరకు నాలుగు తరాల ఫోన్లను తన పట్టికల నుంచి తీసివేసింది, ఆ సర్వీసును ఆపుకునే వీలు కల్పిస్తూ శాంసంగ్ అప్‌డేట్ ఇచ్చింది.

అంకెల సంగతి ఇలా ఉంటే, మనిషి రాసే సమీక్షకు వేరే పరిమితులున్నాయి. విడుదలకు కొన్ని రోజుల ముందు సంస్థ సమీక్షకుడికి ఒక ఫోను పంపుతుంది, ఫలానా గంట దాకా ప్రచురించకూడదని షరతు పెడుతుంది. దీన్ని ఎంబార్గో అంటారు. ఆ గడువు తీరిన నిమిషంలోనే ప్రపంచమంతా సమీక్షలు వెలువడతాయి, ఆలస్యమైనవాటిని చదివేవారు తక్కువ. కాబట్టి సమీక్ష అంటే ఒక మనిషి, ఒక ఫోను, ఒక వారం. 2010 జూన్ 24న ఐఫోన్ 4 వచ్చినప్పుడు తొలి సమీక్షలు దాన్ని ఆకాశానికెత్తాయి. ఎడమవైపు కింది మూల చేతితో కప్పితే సిగ్నల్ పడిపోతోందని కొన్నవారు మొరపెట్టుకున్నాక, అమెరికా వినియోగదారుల పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్ దుకాణాల్లో మూడు ఫోన్లు కొని, బయటి రేడియో తరంగాలు చొరబడని గదిలో పరీక్షించి, జులై 12న ఫిర్యాదు నిజమేనని ప్రకటించింది. విచిత్రమేమిటంటే ఆ పత్రిక సొంత మార్కుల పట్టికలో స్మార్ట్‌ఫోన్లన్నిటిలోకీ అగ్రస్థానం ఐఫోన్ 4దే. తెర, కెమెరా తదితరాలకు వచ్చిన మార్కుల మొత్తం దాన్ని పైన నిలబెట్టింది, కొనమని మాత్రం తాము చెప్పలేమని అదే పత్రిక రాసింది. మార్కుల మొత్తానికీ కొనుగోలు సలహాకూ మధ్య ఇంత బాహాటమైన వైరుధ్యం మరెక్కడా దొరకదు.

సంఖ్య చిన్నదైతే కనిపించని లోపాలూ ఉన్నాయి. 2016 ఆగస్టు 19న అమ్మకానికి వచ్చిన గెలాక్సీ నోట్ 7 ఆ ఏటి మేటి ఫోన్లలో ఒకటని సమీక్షకులు మెచ్చుకున్నారు. సెప్టెంబరు 2న సంస్థ 25 లక్షల ఫోన్లను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించేనాటికి తేలిన బ్యాటరీ ప్రమాదాలు 35. అంత అరుదైన లోపం ఒక్క ఫోను చేతిలో ఉన్న సమీక్షకుడి కంటపడే అవకాశం లేదు, అతడిని తప్పుపట్టడమూ సబబు కాదు. ఇక కొన్ని లోపాలు కాలం గడిస్తేనే తెలుస్తాయి. 2012లో 199 డాలర్లకు వచ్చిన గూగుల్ నెక్సస్ 7 ట్యాబ్లెట్‌ను ఆ ధరకు అద్భుతమని దాదాపు అందరూ రాశారు. ఏడాది తిరిగేలోగా అది మొరాయించసాగింది. చెరిపివేసిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని స్టోరేజీ చిప్‌కు తెలియజేసే ఏర్పాటు లేకపోవడం, నిల్వ నిండేకొద్దీ రాత పని మందగించడం అందుకు ముఖ్య కారణం. 2013 జులైలో ఆండ్రాయిడ్ 4.3తో ఆ ఏర్పాటు వచ్చింది. ఖాళీ స్టోరేజీతో, రెండు మూడు యాప్‌లతో, కొత్త బ్యాటరీతో చేసిన పరీక్ష, వాట్సాప్ ఫోటోలతో కిక్కిరిసిన ఫోను గురించి ఏం చెప్పగలదు?

భారతదేశంలో ఈ అంకెల మోజు 2014 తరువాత ఊపందుకుంది. షావోమీ ఆ ఏడాది ఆన్‌లైన్ అమ్మకాలతో ప్రవేశించి, మరుసటి ఏడాది ఆగస్టులో విశాఖపట్నంలో రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విడుదల చేసింది; అప్పటి చిత్తూరు జిల్లా శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో కూర్చిన ఆ ఫోను, దేశంలో తయారైన తొలి షావోమీ ఫోను. దుకాణంలో చేత్తో పట్టుకుని చూసి కొనే అలవాటు తగ్గి, తెర మీద పట్టిక చూసి కొనే అలవాటు పెరిగినచోట, లక్షల్లో పలికే అంతుతు స్కోరు ఫోను ప్రకటనల్లో ధర పక్కనే నిలిచింది. ఆ స్కోరు ఏ ఉష్ణోగ్రతలో తీశారన్నది మాత్రం పక్కన ఉండదు. ప్రాసెసర్ వేడెక్కినప్పుడు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకోవడాన్ని థ్రాట్లింగ్ అంటారు. చుట్టూ ఉన్న గాలి ఎంత వేడిగా ఉంటే అది అంత త్వరగా మొదలవుతుంది. ఆపిల్ తన ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య వాడమని సూచిస్తుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో పగటి వేడి 40 దాటుతుంది కాబట్టి, ఎండలో బండికి ఫోను తగిలించుకుని దారి చూసుకుంటూ సరుకులు చేరవేసే కుర్రవాడు ఆ సూచన ప్రకారం ఫోను వాడగల రోజులు వేసవిలో దాదాపు ఉండవు. ఏసీ గదిలో కొద్ది నిమిషాల్లో ముగిసే పరీక్షకు ఈ వాడుక అందదు. ఒకే పరీక్షను ఇరవై నిమిషాలపాటు ఆపకుండా నడిపి, అత్యధిక వేగం వచ్చిన విడతకూ అత్యల్ప వేగం వచ్చిన విడతకూ మధ్య తేడా ఎంతో చెప్పే త్రీడీమార్క్ ఒత్తిడి పరీక్ష ఇందుకు కొంత నయం; సమీక్షలో ఒకే ఒక్క అంకె చూడగలిగేవారు చూడవలసింది ఇదే.

2017 డిసెంబరు, 2018 ఫిబ్రవరి నెలల్లో ఐఫోన్ చుట్టూ జరిగిన రెండు సంఘటనలు ఈ చర్చను రెండు కొసల నుంచీ వెలిగిస్తాయి. మొదటిదానిలో బెంచ్‌మార్క్ వాడుకరి పక్షాన సాక్ష్యం చెప్పింది. మందగించిన తన ఐఫోన్ 6ఎస్‌కు బ్యాటరీ మార్పించుకున్న ఒక వాడుకరి, గీక్‌బెంచ్‌లో ఒక కోరుకు వచ్చే స్కోరు 1466 నుంచి 2526కు పెరిగిందని బయటపెట్టాడు. గీక్‌బెంచ్ రూపకర్త జాన్ పూల్ తమ వద్ద పోగుపడిన వేలకొద్దీ ఫలితాలను సాఫ్ట్‌వేర్ రూపాలవారీగా విడదీసి గీయగా, ఐఓఎస్ 10.2లో ఒకే శిఖరంగా ఉన్న రేఖ 10.2.1 నుంచి దిగువన మరికొన్ని శిఖరాలుగా చీలిపోయి కనిపించింది. అంటే ఒకే రకం ఫోన్లు వేర్వేరు వేగాలకు కుదించబడ్డాయి. బ్యాటరీ పాతబడిన ఫోన్లు హఠాత్తుగా ఆరిపోకుండా వేగం తగ్గిస్తున్నామని ఆపిల్ రెండు రోజుల్లో ఒప్పుకుంది, తరువాత క్షమాపణ చెప్పి అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు తగ్గించింది. ఫోను పాతబడితే నెమ్మదిస్తుందన్న జనవాక్యాన్ని అపోహ అని కొట్టిపారేసినవారికి అంకెలే జవాబిచ్చాయి. ఇక్కడ గమనించవలసింది, ఆ పరీక్ష ఒక ఫోనును మరొక ఫోనుతో పోల్చలేదు. అదే ఫోను నిన్న ఎలా ఉందో నేడు ఎలా ఉందో పోల్చింది.

రెండో సంఘటన తెలుగు లిపికి సంబంధించినది. అప్పటికి ఐఫోన్ 8, ఐఫోన్ టెన్‌లలోని ఎ11 చిప్ ఒక కోరు స్కోర్లలో ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటికంటె ముందుంది. ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న అటువంటి ఫోనుకు, ఒక అదృశ్య సంకేతంతో కలిపి కూర్చిన జ్ఞా అనే అక్షరం సందేశంగా అందితే చాలు, ఆ యాప్ కుప్పకూలేది, మళ్లీ తెరుచుకునేది కాదు. నోటిఫికేషన్‌గా వస్తే ఫోను మొత్తం స్తంభించిపోయేది. జకారం, ఞకారం, వాటి కింద మీద చేరే గుర్తులను కలిపి ఒక అక్షరంగా గీసే సాఫ్ట్‌వేర్ భాగంలో లోపం ఉంది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిదిద్దారు. సెకనుకు కోట్ల లెక్కలు చేయగల చిప్‌ను ఒక సంయుక్తాక్షరం నిలువరించిన ఆ రోజుల్లో కూడా దాని స్కోరు అగ్రస్థానంలోనే ఉంది. వేర్వేరు లిపుల్లో నిత్యం చదువుతూ రాస్తూ పరీక్షించే పద్ధతి సమీక్షల్లో ఉంటే ఈ లోపం ముందే దొరికేదని కచ్చితంగా చెప్పలేము, కానీ ఇంగ్లీషు ఒక్కటే వాడే పరీక్షలో అది ఎన్నటికీ దొరకదు.

పరీక్షలు రూపొందించేవారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బ్రౌజర్ వేగాన్ని కొలవడానికి 2012లో తాము తెచ్చిన ఆక్టేన్‌ను గూగుల్ ఇంజనీర్లే 2017లో విరమించారు. ఆ పరీక్షలో మార్కుల కోసం చేసిన మార్పులు నిజమైన వెబ్ పేజీలకు ఉపయోగపడకపోగా కొన్నిచోట్ల చెరుపు చేస్తున్నాయని వారు బాహాటంగా రాశారు. ఇటువంటి నిజాయితీ ఈ రంగంలో అరుదు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన గీక్‌బెంచ్ 6, కోర్లన్నిటికీ విడివిడి పనులు పంచే పాత పద్ధతి మాని, వాడుకలో జరిగే తీరున ఒకే పనిని కోర్ల మధ్య పంచే పద్ధతికి మారింది. మరోవైపు, మోసాలను పట్టుకునే ఓపికా నైపుణ్యమూ ఉన్న ఆనంద్‌టెక్ 27 ఏళ్ల ప్రచురణ తరువాత 2024 ఆగస్టు 30న మూతపడింది. వారం రోజుల సమీక్షకు దొరికే ఆదరణ వారాల తరబడి సాగే శోధనకు దొరకదన్నది దాని జీవితకాలంలోనే తేలిపోయిన విషయం.

కాలంతోపాటు ఫోను ఏమవుతుందో కొలిచే పని చివరికి చట్టం చేతిలోకి వెళ్లింది. 2025 జూన్ 20 నుంచి ఐరోపా సమాఖ్యలో అమ్మకానికి వచ్చే స్మార్ట్‌ఫోన్లకు ఒక చీటీ తప్పనిసరి అయింది. ఒకసారి నిండా ఛార్జ్ చేస్తే ఎన్ని గంటలు వస్తుంది, ఎన్నిసార్లు ఛార్జ్ చేసే దాకా బ్యాటరీ సత్తువ నిలుస్తుంది, కింద పడితే ఎంత తట్టుకుంటుంది, మరమ్మతు ఎంత సులువు అన్న వివరాలు దాని మీద ఉండాలి. 800 సార్లు ఛార్జ్ చేశాక కూడా బ్యాటరీలో 80 శాతం సామర్థ్యం మిగిలి ఉండాలని దానికి తోడుగా వచ్చిన నిబంధన చెబుతోంది. ఈ లెక్కలనూ తయారీదారులే నిర్ణీత పద్ధతిలో తీసి ప్రకటిస్తారు, సరిచూసే బాధ్యత ఆయా దేశాల అధికారులది. కనుక సున్నం వేసే అవకాశం ఇక్కడా పూర్తిగా తొలగిపోలేదు. ప్రాసెసర్ వేగం తెలిపే అంకె మాత్రం ఆ చీటీలో ఒక్కటి కూడా లేదు.